డబ్బు ఒకప్పుడు ఒక్క రాగి నాణెం పేరు!

మీకు తెలుసా? వేలైనా, కోట్లైనా ఇవాళ మనకు అంతా ‘డబ్బే’. రెండు వందల ఏళ్ల కిందట మాత్రం అది ఒకానొక రాగి నాణెం పేరు. దొరలు దాన్నే ‘డబ్’ అని రాసుకున్నారు.

మద్రాసు లెక్కలో 20 కాసులు ఒక డబ్బు. 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక వరహా. ఆ లెక్కన ఒక్క బంగారు వరహాకు 168 డబ్బులు. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారుల్లోనేమో రూపాయికి 48 డబ్బులు. ఈ సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794లోనూ 1797లోనూ నాణేలు కొట్టించింది. ఎక్కడనుకున్నారు? మచిలీపట్నంలో కాదు, ఇంగ్లండులో! బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాలలో, ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషులో ముద్రించి, ఓడలకెక్కించి పంపారు. మన సంతలో ఉప్పూ మిరపకాయలూ కొనడానికి అంత దూరం నుంచి చిల్లర వచ్చిందన్నమాట.

అన్ని ఓడలూ చేరలేదు. మద్రాసుకు బయలుదేరిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే, గుడ్విన్ ఇసుక తిన్నెల దగ్గర మునిగిపోయింది. అందులో పీపాల కొద్దీ 10, 20 కాసుల రాగి బిళ్లలున్నాయి. 20 కాసుల బిళ్ల అంటే విలువలో సరిగ్గా ఒక డబ్బు. 1980ల్లో గజ ఈతగాళ్లు వాటిని పెద్ద ఎత్తున వెలికితీశారు.

1835లో కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రకం నాణేలు తెచ్చాక, పాత లెక్కలు మెల్లగా మరుగునపడ్డాయి. నాణెం పోయింది, పేరు మిగిలింది. తెలంగాణలో పైసలన్నా, రాయలసీమలో దుడ్లన్నా అంతే, అవీ చిన్న నాణేల పేర్లే. ఏమీ లేదనడానికి వాడే చిల్లిగవ్వ కూడా గవ్వలు చెల్లిన కాలం నాటిదే. వరహా ఎంత ఘనమైనదైనా ‘వరహాలున్నాయా?’ అని ఇప్పుడెవరూ అడగరు. బీదాబిక్కీ చేతుల్లో నలిగిన నాణేలే భాషలో నిలిచాయని నా గట్టి నమ్మకం.

మీ ఇంట్లో తాతల నాటి పెట్టెలో 48 అంకె, 1794 లేదా 1797 ఉన్న రాగి బిళ్ల కనిపిస్తే, దయచేసి చింతపండు పెట్టి తోమకండి. ఉన్నది ఉన్నట్టుగా దాచండి.