కుక్క మింగిన ముద్ద ఎటు పోతోందో డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

మీ కుక్క తిన్నదంతా కక్కేస్తోందనుకోండి. లోపల ఏమైందో అది చెప్పలేదు. మరి పశువుల డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా కనిపిస్తాయి. గొంతు నుంచి పొట్టకు వెళ్లే మెత్తని గొట్టం, అంటే అన్నవాహిక, సరిగా కనిపించదు. అందుకే తిండిలో బేరియం అనే మందు కలిపి పెడతారు. అది ఎక్స్‌రే కిరణాలను ఆపేస్తుంది కాబట్టి, మింగిన ముద్ద వెళ్లే దారంతా తెల్లగా కనిపిస్తుంది.

టూత్‌పేస్ట్ ట్యూబును మనం వెనక నుంచి నొక్కుతాం కదా! అన్నవాహిక కండరాలూ ముద్దను అలాగే ముందుకు తోస్తాయి. అందుకే కుక్క తల వంచి తిన్నా ముద్ద పొట్టకే చేరుతుంది.

ఆ కండరాలు బలహీనపడితే గొట్టం వెడల్పుగా సాగి, ముద్ద అక్కడే ఆగిపోతుంది. అలాంటి కుక్కను డాక్టరు చెప్పినట్టు నిటారుగా కూర్చోబెట్టి తినిపిస్తే, ముద్ద తన బరువుతోనే పొట్టలోకి జారుతుంది.