‘డ్యూబియస్’ - సందేహం ఎవరిది?

ఆంగ్లంలో ‘డ్యూబియస్’ అనే విశేషణానికి ‘సందేహాస్పదమైన’ అని అర్థం చెప్పి ఊరుకోవడం పరిపాటి. కాని ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. సందేహించే మనిషికీ ఇదే మాట, సందేహానికి గురైన వస్తువుకూ ఇదే మాట. దీని మూలం లాటిన్ పదం ‘దుబియుస్’. రెండు అనే అర్థమిచ్చే ‘దువో’తో దానికి చుట్టరికం ఉంది. రెండు దారుల మధ్య ఊగిసలాడటమే దీని తొలి భావం.

కొత్తపట్నం తీరాన ఒక వర్తకుడు ఎండుచేపల లెక్క చూస్తున్నాడనుకోండి. ‘ఐ యామ్ డ్యూబియస్ అబౌట్ దిస్ అకౌంట్’ అంటే లెక్క విషయంలో అతనికి సందేహముందని మాత్రమే అర్థం. తప్పు కూడికలో ఉండవచ్చు, అతని చూపులోనూ ఉండవచ్చు. ‘దిస్ ఈజ్ ఎ డ్యూబియస్ అకౌంట్’ అంటే మాత్రం లెక్క రాసినవాని నిజాయితీ మీదనే మచ్చ పడుతుంది. ‘డౌట్‌ఫుల్’ అనే మాట ఇంత కటువు కాదు. రేపు పడవలు వేటకు వెళ్లడం ‘డౌట్‌ఫుల్’ అనవచ్చు. అందులో ఎవరి మీదా నింద లేదు.

తెలుగులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. మనసులోనిది సందేహం, ఎదుటివానికి అంటగట్టేది ‘అనుమానాస్పదుడు’ అనే ముద్ర. ఉర్దూలో ‘మష్కూక్’ అన్నా సందేహానికి గురైనదనే అర్థం, సందేహించేవాడని కాదు. కనుక అనువాదకుడు ముందుగా తేల్చుకోవలసింది, సందేహం ఎవరిది అన్నదే.

ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితులు ఈ విషయంలో మరింత సూక్ష్మంగా ఆలోచించారు. రెండు పక్షాలూ సమానంగా తోస్తే అది ‘షక్’. ఒక పక్షం బలంగా తోస్తే ఆ మొగ్గు ‘జన్న్’. మిగిలిన బలహీన పక్షం ‘వహ్మ్’. నిశ్చయంగా తెలిసినది కేవలం సందేహంతో రద్దు కాదన్నది వారి ప్రసిద్ధ సూత్రం. వుజూ చేసుకున్నట్లు నిశ్చయంగా తెలిసినవాడు, అది భంగమైందేమోనన్న సందేహం మాత్రాన మళ్లీ చేసుకోనక్కరలేదని అధిక సంఖ్యాక ఫకీహ్‌లు చెప్పింది ఈ సూత్రాన్ని బట్టే.

మనుషుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దివ్యఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ వార్తను విచారించి తెలుసుకోమంటుంది. 12వ ఆయత్ అతిగా అనుమానించడం మానుకోమంటుంది, కొన్ని అనుమానాలు పాపమని హెచ్చరిస్తుంది. విచారణ జరగకముందే ఒక మనిషిని ‘డ్యూబియస్’ అనడం తన మనసులోని ఊగిసలాటను అతని శీలానికి అంటగట్టడమే. ‘నాకు సందేహముంది’ అంటే విచారణకు తావుంటుంది. ‘అతడు అనుమానాస్పదుడు’ అంటే తీర్పు ముందే వెలువడినట్లే.