ఒక థీసిస్, ఇద్దరు గైడ్లు

నల్గొండ పల్లెల్ని దశాబ్దాలుగా పీడించిన ఫ్లోరోసిస్ మీద ఒక స్కాలర్ పీహెచ్‌డీకి దిగారనుకుందాం. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో తేల్చడానికి కెమిస్ట్రీ కావాలి. అది నీటిలోకి ఎలా చేరిందో చెప్పాలంటే అక్కడి రాళ్ల గుణం తెలియాలి. పళ్లూ ఎముకలూ ఎలా దెబ్బతిన్నాయో చూడటం వైద్యుల పని. ఇన్నీ ఒకే గైడ్‌కు తెలిసి ఉండాలనుకోవడం అత్యాశే.

ఇలాంటి పరిశోధనల్లో బయటి విభాగం నుంచో, వేరే విశ్వవిద్యాలయం నుంచో కో-గైడ్‌ను పెట్టుకోవచ్చని 2022 నాటి యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. రిటైరైన గైడ్ కూడా తనకు 70 ఏళ్లు వచ్చేదాకా, అప్పటికే తన దగ్గరున్న స్కాలర్లకు కో-గైడ్‌గా కొనసాగవచ్చు.

ఇద్దరు గైడ్లు ఉండటం కొన్ని దేశాల్లో రివాజు. ఆస్ట్రేలియా ఉన్నత విద్యా ప్రమాణాల ప్రకారం ప్రతి పరిశోధక విద్యార్థికీ ప్రధాన గైడ్‌తో పాటు కనీసం మరొక గైడ్ ఉండాలి. ఫ్రాన్స్‌లోని 'కోట్యుటెల్' పద్ధతిలో విద్యార్థి రెండు దేశాల విశ్వవిద్యాలయాల్లో నమోదవుతాడు, రెండు చోట్లా ఒక్కో గైడ్ ఉంటారు. మన దేశంలోనూ, ముంబైలో 2008లో మొదలైన ఐఐటీ బాంబే-మోనాష్ రీసెర్చ్ అకాడమీ స్కాలర్లకు ఇక్కడొకరు, మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయంలో ఒకరు దారి చూపుతారు. ఐఐటీ హైదరాబాద్ కూడా మెల్‌బోర్న్‌లోని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి ఉమ్మడి డాక్టరేట్ నడుపుతోంది.

చిక్కు ఎక్కడొస్తుంది? ఒకరు సరేనన్న అధ్యాయాన్ని మరొకరు తిరగరాయమంటారు. ఆయన చూస్తారులే అని ఈయన, ఈయన చూస్తారులే అని ఆయన ఊరుకుంటారు. మధ్యలో నలిగేది స్కాలరే.

అలాగని కో-గైడ్ వద్దనలేం. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరూ స్కాలర్ తన పనిని రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పెట్టాలి. ఆ కమిటీకి కన్వీనర్ ప్రధాన గైడే. ఆయనతోనే పేచీ వస్తే అక్కడ నోరు విప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. పని బాగా తెలిసిన కో-గైడ్ అప్పుడు పెద్ద అండ.

అందుకే రిజిస్ట్రేషన్ నాడే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ఏ అధ్యాయం ఎవరు చూస్తారు? డ్రాఫ్ట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? పేపర్లలో పేర్ల వరుస ఏమిటి? అభిప్రాయభేదం వస్తే చివరి మాట ఎవరిది? వీటిని కమిటీ మొదటి సమావేశం మినిట్స్‌లోనే రాయించడం విభాగాధిపతుల బాధ్యత కావాలి. సాధారణంగా పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లు. గైడ్ల మధ్య తగువులో పోయే ప్రతి సెమిస్టరూ అందులోంచే కరిగిపోతుంది.