మీకు తెలుసా? సీసాలోంచి జారేది గ్లిజరిన్ కాదు

బీరు సీసా మూత తీసి, బొటనవేలు అడ్డం పెట్టి, గ్లాసుడు నీళ్లలో తలకిందులుగా ముంచి పట్టుకునేవాళ్లను పర్మిట్ రూముల్లో చూసే ఉంటారు. సీసా మూతి నుంచి సన్నటి చారలా ఏదో చిక్కటిది నీళ్లలోకి జారుతుంది. ‘‘అదిగో గ్లిజరిన్! అదంతా దిగిపోయాక తాగితే తలనొప్పి రాదు’’ అంటాడు బల్ల దగ్గర పెద్దరికం మీదేసుకున్నాయన. జారేది అసలు బీరే. పులియకుండా మిగిలిన పిండి, చక్కెరల వల్ల బీరు సాధారణంగా నీళ్లకంటే కాస్త బరువుగా ఉంటుంది. అది కిందికి దిగుతుంటే, తేలికైన నీళ్లు ఆ ఖాళీలోకి ఎక్కుతాయి. గ్లిజరిన్ అంటారా, పులిసేటప్పుడు ఈస్టే దాన్ని కొద్దిగా తయారుచేస్తుంది. లీటరుకి ఒకటి రెండు గ్రాములు. అది బీరంతటా కరిగి ఉంటుంది గానీ విడిపోయి బయటికి రాదు. డబ్బు పోసి కొన్న బీరులో నీళ్లు కలుపుకోవడానికి ఇంత తతంగం దేనికో!

మన దేశంలో చవకగా దొరికే లాగర్ రకం బీరు దాదాపు ఎప్పుడూ లోకల్ సరుకే. మద్యం మీద పన్ను రాష్ట్రాల చేతిలో ఉంది. సరిహద్దు దాటిస్తే మళ్లీ ఫీజులు కట్టాలి. అందుకే దేశమంతా పేరున్న బ్రాండును కూడా కంపెనీలు ఎక్కడికక్కడే తయారుచేయిస్తాయి. మన దగ్గర సంగారెడ్డి జిల్లాలోనూ, శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గరా బ్రూవరీలు ఉన్నాయి. ఏ రాష్ట్రంలో అమ్మాలో లేబుల్ మీదే అచ్చేసి ఉంటుంది. తెలంగాణలో కంపెనీల నుంచి కొనేది ఒక్క ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషనే. ధర పెంచడం లేదని, బకాయిలు పేరుకుపోయాయని 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ కంపెనీ ఆ కార్పొరేషన్‌కు సరఫరా ఆపేసి, కొద్దిరోజులకే మళ్లీ మొదలుపెట్టింది. తర్వాతి నెలలో ప్రభుత్వం కంపెనీలకిచ్చే ధరను 15 శాతం పెంచింది.

బీరు తయారీదార్లను అడగండి, చేయడానికి కష్టమైనది లేత రంగు లాగరే అంటారు. నల్లటి స్టౌట్ బీరులో చిన్న తప్పు జరిగితే మాడు రుచి కింద కప్పబడిపోతుంది. చేదునిచ్చే హాప్స్ పూలు దట్టించిన బీరైతే ఆ చేదే కాపాడుతుంది. చవక లాగర్‌కి ఈ చాటు లేదు, తప్పు చేస్తే ముక్కుకి దొరికిపోతుంది. ఉడికించిన మొక్కజొన్న కండె వాసన వస్తే మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) ద్రావణాన్ని సరిగా మరిగించలేదనో, మరిగాక త్వరగా చల్లార్చలేదనో అనుమానించాలి. వెన్న వాసనొస్తే, ఈస్టు తన పని పూర్తిచేయకముందే తొందరపడ్డారని. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే మాత్రం బ్రూవరీని తిట్టకండి, ఆ సీసా పాతబడింది. వేడిలో బీరు త్వరగా పాడవుతుంది. రెంటచింతల ఎండల్లో రేకుల షెడ్డు కింద నిలవున్న సీసా, చలికాలం సీసా ఒకటి కావు. ఎన్ని నక్షత్రాల రేటింగు చూసి కొన్నా, వెనక ప్యాకింగ్ తేదీ చూడకపోతే దండగే.

గోధుమరంగు సీసా అందానికి కాదు. హాప్స్‌లోని చేదు పదార్థాల మీద వెలుతురు పడితే గంధకపు సమ్మేళనం ఒకటి పుట్టి, ఘాటైన పాడు వాసన వస్తుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ గాజుకి, తెల్ల గాజుకి అంత శక్తి లేదు. ఎండలో పెట్టిన తెల్ల సీసా బీరు నిమిషాల్లోనే చెడుతుంది.

బార్లీ మాల్ట్‌తోపాటు బియ్యమో, మొక్కజొన్నో, చక్కెరో కలపడం చవక లాగర్లలో మామూలే. దీన్ని కల్తీ అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. బియ్యం వల్ల బీరు తేలికవుతుంది, రంగు పలచబడుతుంది. మన ఎండలకి అదే హాయి. అమెరికా బడ్‌వైజర్ తన బీరులో బియ్యం ఉందని దాచుకోదు, లేబుల్ మీదే వేసుకుంటుంది.

లాగర్‌ని పులియబెట్టే ఈస్టు రెండు జాతుల సంకరం. ఒకటి మామూలు బ్రెడ్డు, ఏల్ బీరు ఈస్టు. చలికి తట్టుకునే రెండో తల్లిదండ్రి ఎవరో చాలాకాలం తేలలేదు. 2011లో దక్షిణ అమెరికా కొసన ఉన్న పటగోనియా అడవుల్లో, చెట్ల మీది బుడిపెల్లో దొరికింది. ఆ సంకర ఈస్టునే 1883లో డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ స్వచ్ఛంగా వేరుచేశాడు. కంపెనీ దాన్ని తాళమేసి దాచుకోకుండా ఇతర బ్రూవరీలకు పంచిపెట్టింది.

రుచి చూడాలంటే ఐసుగడ్డలా ఉన్న సీసా పనికిరాదు. మరీ చల్లబడితే నాలుకకు తీపీ చేదూ సరిగా అందవు. బాగా చల్లబరచమని ప్రకటనలు పోరుపెట్టేది ఎందుకో ఇప్పుడు ఊహించుకోండి! ఫ్రిజ్‌లోంచి తీసి పదినిమిషాలు ఆగి, సబ్బూ నూనే లేని శుభ్రమైన గ్లాసులో పోయండి. రెండు వేళ్ల మందాన నురగ నిలబడాలి. మొదటి గుటక చికెన్ 65 నోట్లో పెట్టుకోకముందే తాగండి. పెదాలకంటిన నూనె గ్లాసుకి తగిలితే నురగ ఇట్టే కూలిపోతుంది. తప్పేమో బీరు మీద పడుతుంది.

చివరికి ఒక లెక్క. ‘‘విస్కీ కాదులే, ఒక్క బీరేగా’’ అనే మాట మనవాళ్లకు నాలుక చివర ఉంటుంది. నాకౌట్ బ్రాండులాంటి స్ట్రాంగ్ లాగర్లదే మన మార్కెట్టు. స్ట్రాంగ్ అంటే ఆల్కహాల్ 5 శాతం దాటి 8 శాతం వరకు ఉండొచ్చు. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతమంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో ఉండేది సుమారు 26. అంటే ఆ ఒక్క సీసా రెండు లార్జులకు సమానం. బండి తాళం చేతిలోకి తీసుకునేముందు ఇంకో అంకె గుర్తుంచుకోండి: నడిపేవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం.