ఆట ఆగిన తరువాత మాట

ఐ.పి.ఎల్. క్రికెట్ జరిగే వేసవి దినములలో మన గ్రామములలో రాత్రి ఏడున్నర దాటితే టి.వి. ఉన్న ఇంటి వసారా నిండిపోతుంది. పగలంతా కరువు పనికి పోయివచ్చినవారు కూడా కాళ్లు కడుక్కొని వచ్చి కూర్చుంటారు. లోగడ ఆ పెట్టెలో బొమ్మ అర్థమయ్యేది గాని మాట అర్థమయ్యేది కాదు. పెద్దవారు పక్కనున్న కాలేజీ పిల్లవాణ్ణి "ఏమంటాండాడురా?" అని అడుగుతూ ఉండేవారు. 2018 చివరిలో స్టార్ స్పోర్ట్స్ వారి తెలుగు చానెల్ వచ్చింది. అప్పటి నుండి ఆ పిల్లవాడికి కొంత విశ్రాంతి దొరికింది.

ఆ చానెల్‌లో మనం వినే గొంతులలో కొన్ని ఒకప్పుడు మైదానంలో బ్యాటు పట్టినవారివే. వారిలో విశాఖపట్నానికి చెందిన వై. వేణుగోపాలరావు సంగతి మన కుటుంబములు తెలిసికోదగినది.

ఆయన 1982లో పుట్టారు. 2000 సంవత్సరంలో పందొమ్మిదేళ్ల లోపు కుర్రవారి ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో ఉన్నారు. కైఫ్, యువరాజ్ సింగ్ ఆ జట్టులోని వారే. 2004లో ఇంగ్లండ్ 'ఎ' జట్టు మీద 501 పరుగుల లక్ష్యాన్ని సౌత్ జోన్ ఛేదించినప్పుడు వేణు 228 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచారు. నాలుగవ ఇన్నింగ్స్‌లో ఐదు వందలు కొట్టడం ఎంత కష్టమో ఆట తెలిసినవారిని అడగండి. 2005 జూలైలో శ్రీలంకలోని దంబుల్లాలో భారత జట్టు తరపున మొదటి వన్డే ఆడారు. అదే రోజు సురేశ్ రైనా కూడా మొదలుపెట్టాడు.

రైనా చాలా ఏళ్లు ఆడాడు. వేణు అంతర్జాతీయ ఆట మాత్రం 2006 మే నెలలో వెస్టిండీస్‌లో ముగిసిపోయింది. మొత్తం 16 మ్యాచులు, 218 పరుగులు. అబుదాబిలో పాకిస్తాన్ మీద చేసిన 61 నాటౌట్ ఒక్కటే అర్ధ సెంచరీ. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు. మన ఊళ్లలో ఆ వయసుకు డిగ్రీ ముగించి ఇంకా ఉద్యోగం వెదుకుతూ ఉంటారు; ఆయనకు దేశం తరపున ఆడే అవకాశం ఆ వయసుకే వచ్చి వెళ్లిపోయింది.

అయినా ఆట మానలేదు. ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించారు. 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఐ.పి.ఎల్. గెలిచిన డెక్కన్ చార్జర్స్‌లో ఆడారు. ఫస్ట్‌క్లాస్ ఆటలో ఏడు వేలకు పైగా పరుగులు చేసి 2019 జూలైలో విరమించారు. ఆ తరువాత తెలుగు వ్యాఖ్యానం ఆయనకు రెండవ పని అయింది.

ఈ పని తేలికని అనుకోవద్దు. రేడియోలో చెప్పేవాడు అన్నీ చెప్పాలి: బంతి ఎటు పోయింది, ఎవరు పరుగెత్తారు, ఎంతమంది జనం వచ్చారు. టి.వి.లో చూసేవాడికి బంతి ఎటు పోయిందో ముందే తెలుసు. అతనికి కనబడనిదే చెప్పాలి. ఆ ఫీల్డరును ఎందుకు అక్కడ నిలబెట్టారు, బౌలరు ఈసారి నిదానంగా ఎందుకు వేశాడు, మంచు పడితే బంతి ఎందుకు జారుతుంది? చెవిలో డైరెక్టరు మాట వినబడుతూ ఉండగానే, తన మాట తడబడకుండా సాగాలి. బొమ్మ మారేలోపు వాక్యం ముగియాలి. పైగా తెలుగు వ్యాఖ్యాతలు చాలాసార్లు మైదానంలో ఉండరు. స్టూడియోలో తెర చూస్తూ మాట్లాడతారు. తెర మీద లేనిది వారికీ కనబడదు.

భాష సంగతి వేరే. వికెట్టు, ఓవరు, క్యాచ్ అనే మాటలు తెలుగులో కలిసిపోయి ఎన్నో ఏళ్లయింది. వాటికి సంస్కృత పదములు తయారు చేస్తే వసారాలో కూర్చున్న అవ్వకు మరీ అర్థం కాదు. అయితే ఒక్కొక్కసారి సినిమా డైలాగులు, కేకలు ఎక్కువై ఆట సంగతి తక్కువవుతుందని నాకనిపిస్తుంది. వేణు మాట్లాడేటప్పుడు ఆ ఇబ్బంది అంతగా ఉండదు.

అమెరికాలో ఈ దారి చాలా పాతది. అక్కడ బేస్‌బాల్ ఆడిన జో గరాజియోలా అనే ఆయన ఉండేవారు. బ్యాటు పట్టినవాని వెనుక కూర్చుని బంతి అందుకొనే క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ వంటివాడు. 1946లో ఇరవై ఏళ్ల వయసులో ఆయన జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. తరువాత అంత గొప్పగా సాగలేదు. తొమ్మిది సీజన్లలో నాలుగు జట్లు మారి 1954లో ఆట ముగించారు. మరుసటి ఏడే రేడియోలో వ్యాఖ్యానం మొదలుపెట్టారు. తన ఆట మీద తానే పరిహాసం చేసుకుంటూ, ఎన్.బి.సి. టెలివిజన్ ద్వారా దేశమంతటికీ పరిచయమయ్యారు. 1991లో బేస్‌బాల్ వ్యాఖ్యాతలకిచ్చే ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు ఆయనకు వచ్చింది. ఆయన చేసిన ఇంకొక పని మన ప్రాంతానికి బాగా తగులుతుంది. బేస్‌బాల్ ఆటగాళ్లలో పొగాకు నమిలే అలవాటు మెండు. తానూ ఒకప్పుడు నమిలి మానివేసిన గరాజియోలా, నోటి క్యాన్సరు గురించి ఆటగాళ్లను హెచ్చరిస్తూ ఎన్నో ఏళ్లు తిరిగారు. 2016లో మరణించారు.

మన తెలుగు వ్యాఖ్యాతలలోనూ ఒక వికెట్ కీపర్ ఉన్నారు: గుంటూరుకు చెందిన ఎం.ఎస్.కె. ప్రసాద్. ఆరు టెస్టులు, పదిహేడు వన్డేలు ఆడి, 2016 నుండి 2020 వరకు జాతీయ సెలక్షన్ కమిటీ అధ్యక్షులుగా పనిచేశారు. కీపరుకు మైదానమంతా ఎదురుగా కనబడుతుంది గనుక ఈ పని వారికి అచ్చివస్తుందేమో. అంబటి రాయుడు 2023లో ఐ.పి.ఎల్. ముగించి మైకు పట్టారు.

అనంతపురంలో ఈ సంగతి ఎందుకు వ్రాస్తున్నానంటే, మన యౌవనస్థులు ఆటకు దూరంగా లేరు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచులు ఐదు మన ఆర్.డి.టి. స్టేడియంలోనే జరిగాయి. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్ వంటివారిని మన పిల్లలు కళ్లారా చూశారు. చూసి వచ్చినవాడు ఇంట్లో బ్యాటు అడుగుతాడు. తండ్రి "ఆట కూడు పెడతాదా?" అంటాడు. చెనక్కాయ పంట ఎండిపోయి అప్పు మిగిలిన ఏడాది ఆ తండ్రి అడిగినదానిలో తప్పులేదు. రాష్ట్ర జట్టులోకి పోయేవారు కొద్దిమంది, దేశానికి ఆడేవారు మరీ కొద్దిమంది.

కాని ఆట చుట్టూ ఇతర పనులు కూడా ఉన్నాయని ఆ తండ్రికి ఎవరూ చెప్పరు. స్కోరరు, అంపైరు, శిక్షకుడు, పిచ్ తయారుచేసేవాడు, వ్యాఖ్యాత – అందరూ ఆట వలన బ్రతుకుతున్నవారే. అంపైర్లకు, స్కోరర్లకు రాష్ట్ర క్రికెట్ సంఘములు పరీక్షలు పెడతాయి. వీటికి వంద మీటర్లు ఎంత వేగంగా పరుగెత్తగలడో ఎవరూ అడగరు. నియమములు తెలియాలి, లెక్క తప్పకూడదు, ఎండలో రోజంతా దృష్టి చెదరకూడదు.

పండుగల టోర్నమెంటులో మైకు సెట్టు అద్దెకు తెచ్చి, చెట్టు కింద కూర్చుని బంతి బంతికీ చెప్పే కుర్రవాడు ప్రతి ఊరిలోనూ ఒకడుంటాడు. బ్యాటింగు రాకపోవడం వలననే వానికి మైకు ఇచ్చి ఉంటారు. వానికి ఎవరైనా ఒక నియమముల పుస్తకం కొనిపెడితే బాగుండును.

వేణు విషయానికి వస్తే, 2024 అక్టోబరులో ఢిల్లీ క్యాపిటల్స్ వారు ఆయనను తమ జట్టుకు క్రికెట్ డైరెక్టరుగా నియమించారు. మైకు ముందున్న కుర్చీ నుండి జట్టును ఎన్నుకొనే బల్ల దగ్గరకు వెళ్లారు.