మీకు తెలుసా? నంబర్ వన్ కారుకూ నూటికి 135 కంప్లైంట్లు!

కొత్త కారు కొనాలని తిరుపతిలో ఏ షోరూం మెట్లెక్కినా ముందు చెవిన పడే మాట "సర్వేలో మాదే ఫస్టు ర్యాంకు సార్!" అనేదే. పక్క షోరూంలోనూ అదే పాట. ఇద్దరూ ఫస్టు ఎట్లా అవుతారు సామీ? ఆ ర్యాంకుల సంచీ విప్పితే లోపల ఎన్ని వింతలున్నాయో చూడండి!

★ 2024లో అమెరికాలో మూడేళ్ల వయసున్న కార్ల మీద జె.డి. పవర్ సంస్థ సర్వే చేస్తే లెక్సస్ మొదటి స్థానంలో నిలిచింది. వాళ్ల కార్లు వందకు ఎన్ని కంప్లైంట్లు వచ్చాయో చెప్పుకోండి చూద్దాం. రెండా? పదా? అక్షరాలా 135! ఒక్కో బండికి ఒకటిపైనే అన్నమాట. అన్ని కంపెనీల సగటు 190. అంటే మొదటి ర్యాంకుకీ సగటు బండికీ మధ్య తేడా ఏడాదికి అర కంప్లైంటు!

★ 2021లో ఇదే సర్వేలో సగటు 121. ఏడాది తిరిగేసరికి 192! రాత్రికి రాత్రే అమెరికా కార్లన్నీ పాడైపోయాయా? అదేం లేదు, 2022లో ప్రశ్నల పట్టికను కొత్తగా రాశారు, అంతే.

★ ఇంకో చిత్రం చూడండి. 2022లో ఆ కొత్త పట్టికతో మొదటి ర్యాంకు కొట్టింది కియా, స్కోరు 145. ముందటేడు పాత పట్టికలో ఇదే 145 వచ్చుంటే సగటు కంటే వెనకబడేది!

★ కియా అనగానే మన సీమవాళ్లకు పెనుకొండ గుర్తొస్తుంది కదా. అక్కడి ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ బజారుకొచ్చింది 2019 ఆగస్టులో. అమెరికా సర్వేలో ఫస్టొచ్చిన కార్లలో పెనుకొండ బండి ఒక్కటీ లేదు! అమెరికాలో అమ్మే సెల్టోస్ కొరియా నుంచి ఓడెక్కి పోతుంది. ఆ ర్యాంకు చూసి మనూరి బండి కొనడమంటే అన్న మార్కుల లిస్టు చూపించి తమ్ముడికి సీటడిగినట్టే.

★ ఇంజను సీజైతే ఒక కంప్లైంటు. ఫోను కారు స్క్రీనుకు కలవకపోయినా ఒక కంప్లైంటే! వందకెన్ని అని లెక్కేసే సర్వేలో రెండూ ఒకే వరుసలో కూర్చుంటాయి. మొదటిదానికి మెకానిక్ బిల్లు వేలల్లోనో లక్షల్లోనో ఉంటుంది, రెండోదానికి ఫోను ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు. 2024లో అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు ఇంజను మీదా కాదు, గేరుబాక్సు మీదా కాదు, పాటలూ మ్యాపులూ చూపే తెర మీద!

★ ఆ తెర ఎంతపని చేస్తుందో తెలుసా? 2010లో జె.డి. పవర్ వాళ్ల కొత్త కార్ల నాణ్యత సర్వేలో ఫోర్డ్‌ది 5వ స్థానం. 2011లో 23! టచ్ స్క్రీను జనానికి అంతుపట్టకపోవడం, గేరుబాక్సు కుదుపులు, ఈ రెండూ కలిసి కంపెనీని ఒక్క ఏడాదిలో 18 మెట్లు దించేశాయి.

★ నవ్వకుండా చదవండి: 2003లో అదే కొత్త కార్ల సర్వేలో అట్టడుగున ఉన్నది హమ్మర్. ఓనర్ల పెద్ద ఫిర్యాదుల్లో ఒకటి, "పెట్రోలు తెగ తాగుతోంది!" ఏనుగును కొని మేత ఎక్కువైందని ఏడ్చినట్టు లేదూ!

★ ఈ కొత్త కార్ల సర్వే అడిగేది కొన్న మొదటి 90 రోజుల ముచ్చటే. మనవైపు 90 రోజులకు సీటు కవర్లు కూడా మాయవు. ఉచిత సర్వీసులే ఇంకా అయిపోయి ఉండవు!

★ ఇక మన ఘాటు రోడ్డుకు వద్దాం. తిరుమల మొదటి ఘాటు రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు కొత్తదాంట్లో ఎక్కుతాం, పాతదాంట్లో దిగుతాం. ఎక్కడానికి 28 నిమిషాలకంటే తక్కువ పట్టకూడదు, దిగడానికి 40 నిమిషాలకంటే తక్కువ పట్టకూడదు. దిగడానికే ఎక్కువ టైము! రమారమి 850 మీటర్ల ఎత్తు నుంచి మలుపు తర్వాత మలుపు దిగాలి మరి. సెకండ్ గేరులో ఇంజను పట్టు మీద దింపే డ్రైవరు ఒకడు. టాప్ గేరులో పెట్టి బ్రేకు మీద కాలు తీయకుండా దింపే పెద్దమనిషి ఇంకొకడు. కిందికి దిగాక రెండో బండి చక్రం దగ్గర నిలబడితే కాలిన వాసన గుప్పుమంటుంది. ఇద్దరిదీ ఒకటే మోడలు, ఒకటే ఏడాది. సర్వే కాగితం మీద ఒకరు "బ్రేకులు భేష్" అని, ఇంకొకరు "బ్రేకులు దండగ" అని రాస్తారు. ఏ రోడ్డులో, ఏ గేరులో నడిపావని అడిగే గడి ఆ కాగితంలో కనపడదు!

★ బండి నడిరోడ్డు మీద మొరాయించడానికి మొదటి కారణమేదో ఊహించండి. జర్మనీలో ఏడీఏసీ అనే వాహనదారుల క్లబ్బుంది, 1903లో పుట్టింది. ఆగిపోయిన బండ్ల దగ్గరకు వాళ్ల మెకానిక్కులే పోతారు. వాళ్ల లెక్కలో నూటికి 40కి పైగా పిలుపులు బ్యాటరీ వల్లే! ఆ బ్యాటరీని చాలాసార్లు కారు కంపెనీ తయారే చెయ్యదు, బయట కొని పెడుతుంది. పేరు పోయేది మాత్రం కారుకే.

★ బ్యాటరీ అంటే మన ఊరి వస్తువే! గల్లా రామచంద్రనాయుడు 1985లో మొదలుపెట్టిన అమరరాజా, తిరుపతి పక్కన కరకంబాడి నుంచి అమరాన్ పేరుతో దేశమంతా పాకింది. బ్యాటరీకి చలి కంటే ఎండ పెద్ద శత్రువు. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారుగా సగమవుతుందని బ్యాటరీవాళ్ల మోటు లెక్క. జర్మనీలో ఐదేళ్లు ఆడిన బ్యాటరీ రేణిగుంట ఎండలో, మే నెల పార్కింగులో, అన్నేళ్లు ఆడుతుందని ఏ ర్యాంకూ హామీ ఇవ్వదు.

★ కొన్ని బ్యాటరీల పైన చిన్న గాజు కన్ను ఉంటుంది, చూశారా? పచ్చగా కనపడితే ఛార్జి ఉన్నట్టు, నల్లబడితే దిగినట్టు. తమాషా ఏమిటంటే లోపల ఆరు గదులుంటే ఆ కన్ను చూసేది ఒక్క గదినే! మిగతా ఐదింట్లో ఒకటి చచ్చినా కన్ను పచ్చగానే నవ్వుతూ ఉండొచ్చు. ఆరింట్లో ఒకటిని అడిగి బండి మొత్తానికి సర్టిఫికెట్ ఇచ్చేసే సర్వే, మన బానెట్ కిందే!

★ సర్వేల్లోనూ ఇదే చిక్కు. ఒక మోడలు కొన్న 30 మందిని అడిగితే ఒక్కరికీ ఫలానా రిపేరు రాలేదన్నారనుకోండి. బండి బ్రహ్మాండం అనుకుంటాం. నిజానికి పదింట్లో ఒకటి చెడే బండికి కూడా వంద సర్వేల్లో నాలుగింట్లో ఇలాంటి సున్నా రావచ్చు! కావాలంటే 0.9ని 30 సార్లు గుణించి చూడండి, పిల్లలకు మంచి లెక్క.

★ శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్లో మొదలైంది, పికప్పులు అక్కడే తయారవుతాయి. అప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఫ్యాక్టరీ అంగుళం కదల్లేదు, జిల్లానే మారింది! ఇలా తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే బండ్లకు సర్వేల్లో చాలినన్ని జవాబులు దొరకవు. ర్యాంకు పట్టికలో పేరు లేదంటే బండి చెడ్డదని కాదు, అడగడానికి మనుషులు చాల్లేదని అర్థం కావచ్చు.

★ కవల పిల్లల కథ వింటారా? 2019 జూన్‌లో టయోటా గ్లాంజా వచ్చింది. తయారీ మారుతి వాళ్లది, ఒళ్లంతా బలెనోదే, ముందు బొమ్మ మాత్రం టయోటాది. గ్లాంజాకు 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇచ్చారు, బలెనోకు 2 ఏళ్లు లేదా 40 వేల కిలోమీటర్లే! ఒకే కడుపున పుట్టిన బండికి బ్యాడ్జి మారితే వారంటీ 60 వేల కిలోమీటర్లు పెరిగింది.

★ కవలలకు జబ్బూ కలిసే వస్తుంది! 2020 జూలైలో ఫ్యుయల్ పంపు అనుమానంతో మారుతి 1,34,885 వ్యాగన్ ఆర్, బలెనో కార్లను వెనక్కి పిలిచింది. అదే నెలలో అదే పంపు కోసం టయోటా 6,500 గ్లాంజాలను పిలిచింది. ర్యాంకుల పట్టికలో మాత్రం మారుతి ఒక వరుసలో, టయోటా ఇంకో వరుసలో!

★ అమెరికాలో ఈ ఆట ఎప్పుడో ఆడేశారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒకే ఫ్యాక్టరీ నుంచి టయోటా కరోలా, దాని కవల జియో ప్రిజమ్ వచ్చేవి. సెకండ్ హ్యాండ్ బజారులో కరోలాకే రేటెక్కువ. ఇప్పుడా ఫ్యాక్టరీలో టెస్లాలు తయారవుతున్నాయి.

★ నూటికి 103 మార్కులు ఎవరికైనా వస్తాయా? 2015 ఆగస్టులో వచ్చాయి! కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక రోడ్డు పరీక్షలో టెస్లా మోడల్ ఎస్ 103 కొట్టింది, వాళ్లు కొలబద్దే మార్చుకోవాల్సి వచ్చింది. రెండు నెలలు తిరిగాయో లేదో, సుమారు 1,400 మంది ఓనర్ల జవాబులు చూసి "కొనవచ్చు" అన్న సిఫారసును అదే పత్రిక వెనక్కి తీసుకుంది. నడపడానికి అద్భుతం, నమ్మకానికి సగటు కంటే తక్కువ. ఒకే బండి, ఒకే పత్రిక!

★ 2020 జె.డి. పవర్ కొత్త కార్ల సర్వేలో టెస్లాకు 250 కంప్లైంట్లు, అయినా అధికారిక ర్యాంకు లేదు. ఎందుకంటారా? అమెరికాలోని 15 రాష్ట్రాల్లో ఓనర్లను అడగాలంటే కంపెనీ అనుమతి కావాలి, టెస్లా ఇవ్వలేదు.

★ జర్మనీలో కొత్త బండిని మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి ఎఫ్‌సీకి తీసుకుపోయినట్టు తనిఖీకి తీసుకుపోవాలి. ఆ తనిఖీల 2024 నివేదికలో రెండు మూడేళ్ల బండ్లలో టెస్లా మోడల్ 3 ఆఖరున నిలిచింది, నూటికి 14.7 బండ్లలో పెద్ద లోపాలు. దీని వెనక ఒక కిటుకుంది. మిగతావాళ్లు సర్వీసు సెంటర్లో చూపించుకుని తనిఖీకి పోతారు. టెస్లాకు ఏటేటా సర్వీసు పట్టుబట్టరు, నేరుగా పోయి దొరికిపోతారు!

★ మారుతి 2000 నుంచి 2012 దాకా వరుసగా 13 ఏళ్లు జె.డి. పవర్ ఇండియా సర్వేలో మొదటి ర్యాంకు! కానీ ఆ సర్వే అడిగింది బండి ఎంత గట్టిదని కాదు, సర్వీసు సెంటర్లో మీ మనసు ఎంత కుదుటపడిందని. ఆ తేడా ప్రకటనల్లో కనపడితే నాకూ చూపించండి.

★ 2018లో టాటా నెక్సాన్‌కు 5 స్టార్లు వచ్చాయి, మన దేశంలో తయారై ఇక్కడే అమ్ముడయ్యే కార్లలో అదే మొదటిది. ఆ స్టార్లు గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడేందుకు. క్లచ్ ప్లేటు ఎన్నాళ్లుంటుందో ఏ స్టారూ చెప్పదు.

★ పేరు పోవడానికి లోపమే ఉండక్కర్లేదు! 1986లో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి ఆడి 5000 మోడలు కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని చూపించింది. అమెరికాలో 1985లో 74 వేలున్న ఆడి అమ్మకాలు 1991కి 12 వేలకు పడిపోయాయి. 1989లోనే ప్రభుత్వ విచారణ తేల్చింది ఏమిటంటే, డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కారట!

★ జె.డి. పవర్ సర్వే ర్యాంకును టీవీ ప్రకటనలో మొదట వాడుకుంది సుబారు, 1984లో. చెప్పుకున్నదేమిటో తెలుసా? "మెర్సిడెస్ తర్వాత మేమే" అని. రెండో ర్యాంకుకు కూడా డబ్బు పోసి డప్పు కొట్టించారు! ఇప్పుడైతే జె.డి. పవర్ అవార్డును ప్రకటనలో వాడాలంటే కంపెనీ ఆ సంస్థకు ఫీజు కట్టాలి. 1936లో పుట్టిన కన్స్యూమర్ రిపోర్ట్స్ పద్ధతి చాలాకాలం దీనికి పూర్తి ఎదురుగా ఉండేది. పరీక్షించే కారును మామూలు కొనుగోలుదారులా షోరూంలో డబ్బిచ్చి కొంటుంది, తన రేటింగును ప్రకటనల్లో ఎవర్నీ వాడనిచ్చేది కాదు.

★ మరి సర్వేలన్నీ దండగేనా? ఆగండాగండి! జె.డి. పవర్ సంస్థ 1968లో ఇంటి వంటగది బల్ల మీద మొదలైంది. 1973లో మాజ్డా రోటరీ ఇంజను ఓనర్ల కాగితాలు లెక్కేస్తే, 30 వేల నుంచి 50 వేల మైళ్ల మధ్య ఐదింట ఒక ఇంజనులో ఓ-రింగు పోతోందని బయటపడింది. పెద్దగా ఖరీదు చెయ్యని రబ్బరు చుట్ట! 135కీ 140కీ తేడా చూసి గుండెలు బాదుకోవాల్సిన పనిలేదు కానీ, "ఐదింట ఒకటి" అని కనపడితే మాత్రం అడ్వాన్సు జేబులో అలాగే ఉంచుకోవచ్చు!