పరాయి యుద్ధం, మన బిడ్డలు

ఉప్పల్ దారిలో రోజూ వేలమంది హబ్సిగూడ మీదుగా పోతుంటారు. ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి. వంటి విజ్ఞాన సంస్థల మూలంగా ఈ ప్రాంతానికి నేడు పేరుంది. ఊరి పేరులో దాగిన మనుషులను మాత్రం తలచేవారు అరుదు. హబ్షీ అంటే అబిసీనియా వాసి, అనగా నేటి ఇథియోపియా దేశస్థుడు. ఆఫ్రికా సిపాయిలు ఉన్న చోటు కాబట్టి హబ్షీగూడ అయిందనీ, జనం నోట అది హబ్సిగూడగా మారిందనీ పెద్దలు చెబుతారు. మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఏ.సి. గార్డ్స్ కూడా నిజాం ప్రభువుల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే. (చల్లగాలి యంత్రాలకూ దానికీ సంబంధం లేదు. మా విద్యార్థులు కొందరు అలాగే అనుకుంటారు!) బార్కస్‌లోని అరబ్బు చావూష్‌ల పూర్వీకులూ సిపాయిలుగా వచ్చినవారే.

వీరిలో జీతానికి వచ్చినవారున్నారు, ఇంకా పాతకాలంలో బానిసలుగా అమ్ముడుపోయి వచ్చినవారున్నారు. అహ్మద్‌నగర్ రాజ్యం పక్షాన మొగల్ సేనలను ఏళ్ళ తరబడి నిలువరించి 1626లో కన్నుమూసిన మాలిక్ అంబర్ అలా అమ్ముడుపోయిన హబ్షీయే.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. మూడు రోజులకే ఆ దేశాధ్యక్షుడు జెలెన్‌స్కీ, తమ పక్షాన పోరాడటానికి రమ్మని విదేశీయులను పిలిచారు. పరాయి దేశం కోసం ప్రాణం పెట్టడమేమిటి, ఇదేదో ఈ కాలపు వింత అనుకున్నవారున్నారు. మన గోల్కొండ కథ గుర్తుంటే అలా అనుకోరు.

1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించాయి. కోటలో అబుల్ హసన్ తానాషా కొలువులో అబ్దుర్రజ్జాక్ లారీ అనే సర్దారు ఉండేవాడు. ఇరాన్‌లోని లార్ పట్టణం వాడు కనుక లారీ. మొగల్ చక్రవర్తి నుండి అతనికి పెద్ద మన్సబు ఇస్తామని ఫర్మానా వచ్చింది. అతడు దాన్ని తన బురుజు మీది సిపాయిలకు చూపించి, వారి ఎదుటే చించివేశాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. అదే కోటలో అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే అఫ్ఘన్ సర్దారు లంచం తిని రాత్రివేళ ద్వారం తెరిచాడు. శత్రువులు లోపలికి వస్తున్నారని తెలిసి లారీ కవచమైనా తొడుక్కోకుండా గుర్రమెక్కి, కొద్దిమందితో ఎదురు వెళ్ళాడు. ఒంటి మీద డెబ్బైకి పైగా గాయాలయ్యాయట. ఔరంగజేబు స్వయంగా వైద్యులను పంపి అతన్ని బ్రతికించాడు. కోలుకున్నాక కొలువు ఇస్తామంటే లారీ మొదట ఒప్పుకోలేదు. కొంతకాలానికి మొగల్ కొలువులో చేరాడన్నదీ నిజమే. అయినా సెప్టెంబరు నాటి ఆ రాత్రి విలువ దానివల్ల తగ్గదని మా అభిప్రాయం. పన్నీ, లారీ ఇద్దరూ ఆ కోట ఉప్పు తిన్నవారే. ఇద్దరిలో ఎవరికీ అది పుట్టిన గడ్డ కాదు.

తుపాకీ పట్టకుండా వెళ్ళినవారూ ఉన్నారు. 1912 అక్టోబరులో బల్గేరియా, సెర్బియా, గ్రీస్, మాంటెనెగ్రోలు ఉస్మానియా సామ్రాజ్యంతో యుద్ధానికి దిగాయి. (ఆ జాతులు దాన్ని తమ విముక్తి యుద్ధమనే భావించాయి. ఆ సంగతీ మరువరాదు.) మౌలానా ముహమ్మద్ అలీ తమ 'కామ్రేడ్' పత్రిక ద్వారా చందాలు పోగుచేయగా, ఆ డిసెంబరులో డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వాన ఇరవైమందికి పైగా వైద్యులు, విద్యార్థులు బొంబాయిలో ఓడ ఎక్కారు. అన్సారీ గారి కుటుంబం హైదరాబాదులో స్థిరపడింది. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివి, లండన్ ఆసుపత్రులలో పనిచేశారు. అక్కడ సైనికుల గాయాలు కడిగి, కట్లు కట్టి, 1913 వేసవిలో బృందం తిరిగి వచ్చింది. 1927లో మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షత వహించింది ఈయనే.

అయితే బృందంలో అందరూ తిరిగి రాలేదు. అలీగఢ్ విద్యార్థి అబ్దుర్రహ్మాన్ పెషావరీ తన సామాను అమ్ముకొని ప్రయాణానికి డబ్బు కూర్చుకున్న యువకుడు. అక్కడే ఉండిపోయి తుర్కీ సైన్యంలో అధికారి అయ్యారు, గల్లిపోలీలో పోరాడారు. గ్రీకు సేనలు అనతోలియాలో దిగాక అంకారా పక్షాన నిలిచి, 1920లో పుట్టిన అనాదోలు వార్తాసంస్థ తొలి విలేకరులలో ఒకరయ్యారు. కాబూల్‌కు రాయబారిగా వెళ్ళారు. 1925లో ఇస్తాంబుల్‌లో ఎవరో మరొకరనుకొని కాల్చగా మరణించారు. నలభై ఏళ్ళు నిండలేదు. చిత్రమేమంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో మన హైదరాబాదు లాన్సర్లు పాలస్తీనాలో అదే తుర్కీ సైన్యంతో ఆంగ్లేయుల పక్షాన పోరాడారు. ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహాలు మూడింటిలో ఒకటి వారిది.

లారీని, పెషావరీని మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా ఒక్కటి ఒప్పుకోవాలి. తాము ఎవరి పక్షాన, ఎందుకు నిలుస్తున్నారో వారికి తెలుసు. నియ్యత్ అనే మాటకు అర్థం ఉండాలంటే ముందు తెలిసి ఉండాలి కదా! 2024లో మన నగరంలో జరిగింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. రష్యాలో హెల్పర్ పని, సెక్యూరిటీ పని, మంచి జీతం అని ఏజెంట్లు ఆశ చూపారు. లక్షలు కట్టించుకున్నారు. అక్కడ దిగాక రష్యన్ భాషలో ఉన్న కాగితాల మీద సంతకం చేయించి, కొద్దిపాటి శిక్షణ ఇచ్చి యుద్ధరంగానికి తరలించారు. వారిలో హైదరాబాదు యువకుడొకరు మరణించినట్లు మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సి.బి.ఐ. ఏజెంట్ల మీద కేసు పెట్టి అనేక నగరాలలో సోదాలు జరిపింది. ప్రధాని జూలైలో మాస్కోలో ఈ విషయం ప్రస్తావించాక, సెప్టెంబరులో తెలంగాణ, కర్ణాటక యువకులు కొందరు ఇల్లు చేరారు.

వీరిని కొందరు 'వాలంటీర్లు' అన్నారు. మేము ఆ మాట ఒప్పుకోము. దండెత్తిన వాడి పక్షానో, దాడికి గురైన వాడి పక్షానో కూడా తెలియకుండా కందకంలో నిలబెట్టబడినవాడు వాలంటీరు ఎలా అవుతాడు? ఆనాడు సంతలో అమ్ముడుపోయిన హబ్షీ బాలుడికి వీరు దగ్గర, లారీకి కాదు. ఒక్కటే తేడా: ఇక్కడ అమ్ముడుపోయినవాడే ఎదురు డబ్బు కట్టాడు.

గల్ఫ్ ఏజెంట్ల సంగతి మన బస్తీలకు కొత్త కాదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. ఆ నంబరు నిజమైనదో కాదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లోనూ, హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోనూ తెలుసుకోవచ్చు. అబ్బాయి విమానం ఎక్కకముందే కాంట్రాక్టు ప్రతి అడిగి తీసుకోండి. అది ఏ భాషలో ఉందో చూడండి. మీకు రాని భాష అయితే, చదివి చెప్పగల మనిషి దొరికేదాకా సంతకం పెట్టనివ్వకండి.